సుంకి ఘాటీ దిగేసరికి పెడల్ మెత్తబడుతోంది: వెనుక డ్రమ్ములు తీయించి డిస్కులు వేయించాలా?

సాలూరు_రోడ్డు
2016 మోడల్ పెట్రోల్ సెడాన్, 78 వేల కిలోమీటర్లు. ముందు వెంటిలేటెడ్ డిస్కు, వెనుక డ్రమ్ము. కొరాపుట్ నుంచి పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగేటప్పుడు ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే సగం ఘాటీ దాటాక పెడల్ మెత్తబడి కిందకి జారుతోంది. కాలిన వాసన కూడా. సాలూరులో అరగంట ఆపితే మళ్ళీ మామూలే. ఇది కాక చదును రోడ్డు మీద కూడా మొదటి తొక్కుకి పెడల్ బాగా కిందకి పోతుంది, వెంటనే రెండోసారి తొక్కితే పైన దొరుకుతుంది. హ్యాండ్‌బ్రేక్ 11 క్లిక్కులు లాగాలి. ముందు ప్యాడ్లు పోయిన ఏడాది మార్చారు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లుల్లో కనపడలేదు.
మిస్త్రీ (మెకానిక్) మాట: "వెనుక డ్రమ్ములు పాతకాలం సరుకు. పై మోడల్ డిస్కు సెట్టు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, వేసేద్దాం." వేయించాలా, వద్దా?

జయపురం_జాకీ
వద్దు. ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. డికాక్షన్ రంగులో ఉంటే సగం జవాబు అక్కడే దొరికినట్టు.

డ్రమ్ముల_దొర
ఒక్క పోస్టులో రెండు రోగాలు రాసీసారు. మిస్త్రీ ఏమో రెండింటికీ ఒకటే మందు ఇస్తన్నాడు.
మొదటి తొక్కుకి కిందకెళ్ళి రెండో తొక్కుకి పైకి వచ్చిందంటే వెనక షూలకీ (డ్రమ్ముని లోపల్నుంచి నొక్కే ముక్కలు) డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిపోయిందన్నమాట. మొదటి తొక్కు ఆ సందు పూడ్చడానికే సరిపోతాది. 11 క్లిక్కులు కూడా అదే చెప్తన్నాయి.
వేడెక్కాక మెత్తబడి, చల్లారాక బాగయిపోవడం వేరే సంగతి. క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కేది) దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతన్నాయి. ఆయిల్ నొక్కితే నొక్కుకోదు, బుడగ నొక్కుకుంటాది. మీ కాలి బలం బుడగకి పోతంది, ప్యాడ్‌కి పోట్లేదు.
మీకు లేదుగానీ ఇంకోటి ఉంటాది. పెడల్ రాయిలాగ గట్టిగానే ఉండి బండి ఆగదు. అది ప్యాడ్ ఫేడ్, అంటే వేడికి ప్యాడ్ పట్టు పోవడం. సిగ్నల్ దగ్గర కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లమెల్లగా దిగిపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టేది) లోపలి రబ్బర్లు పోయినట్టు, లేదా ఎక్కడో లీకు ఉన్నట్టు. ఈ నాలుగూ ఒకటి కాదు. నాలుగింటికీ మందు "వెనక డిస్కు" కాదు.

నాలుగు_డిస్కులు
దొరగారు రోగం సరిగ్గానే చెప్పారు, కానీ డ్రమ్మును మరీ వెనకేసుకొస్తున్నారు. వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తే షూకి దూరంగా జరుగుతుంది, పెడల్ ఇంకా కిందకి పోతుంది. డిస్కు వేడెక్కి లావెక్కితే ప్యాడ్ వైపే వస్తుంది. మూసిన డబ్బాలో వేడి తొందరగా బయటికి పోదు. ఘాటీ రోడ్డు వాళ్ళకి వెనుక డిస్కు లాభమే. కంపెనీ ఇస్తే తీసుకోండి. బయట వేయించొద్దు, అక్కడి వరకు ఒప్పుకుంటా.

వంశధార_గట్టు
కంపెనీలు ఎందుకివ్వవు మరి? హోండా సిటీ పెట్రోల్‌కి వెనుక డ్రమ్మే, హైబ్రిడ్‌కి డిస్కు. స్లావియా, వర్టస్ 2022లో వచ్చినప్పుడు రెండింటికీ టర్బో ఇంజన్ పెట్టి కూడా వెనుక డ్రమ్మే ఇచ్చారు. డిజైర్, అమేజ్ సంగతి చెప్పక్కర్లేదు. ఖర్చు మిగుల్చుకోవడం తప్ప ఇంకేముంది?

రాయగడ_రెంచి
ఖర్చు ఉంది, కాదనను. కానీ అదొక్కటే కాదు. గట్టిగా బ్రేక్ పడితే బరువు ముందుకి ఒరుగుతుంది. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న సెడాన్‌లో ఆపే పనిలో 70 శాతం దాకా ముందు చక్రాలదే. వెనుక డిస్కు వేసినా దాని వాటా పెరగదు, ఎక్కువ పట్టిస్తే వెనుక చక్రాలే ముందుగా జారి బండి తోక తిరుగుతుంది. అది జరగకుండా పాత బండ్లలో ప్రపోర్షనింగ్ వాల్వు (వెనుక ఒత్తిడి తగ్గించేది), ఇప్పుడు ఈబీడీ (అదే పని ఎలక్ట్రానిక్‌గా చేసేది) కాపలా కాస్తాయి.

ఘాటీ లెక్క కూడా చూడండి. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. సాలూరు దాకా 700 మీటర్లకి పైగా దిగాలి. మనుషులతో కలిపి 1500 కిలోల బండి 700 మీటర్లు దిగితే కోటి జౌల్స్ పైమాటే. గాలి, టైర్లు, ఇంజన్ ఏమీ పంచుకోకపోతే ఆ వేడితో 30 లీటర్ల నీళ్ళు మరిగించొచ్చు, అంటే రెండు బకెట్లు. ఇంజన్ తీసుకునే వాటా మీరు ఏ గేరులో ఉన్నారన్న దాని మీద ఉంటుంది. టాప్ గేరులో దిగితే దాదాపు మొత్తం ముందు డిస్కుల నెత్తిన పడుతుంది. వేడెక్కి మెత్తబడుతున్నవి ముందు బ్రేకులు, మిస్త్రీ మార్చాలంటున్నది వెనుకవి.

సాలూరు_రోడ్డు
నాలుగో గేరులో దిగుతాను. ఖాళీ రోడ్డయితే ఒక్కోచోట న్యూట్రల్. పెట్రోలు కలిసొస్తుందని.

జయపురం_జాకీ
దొరికాడు దొంగ.

బరంపురం_బోల్టు
న్యూట్రల్‌లో ఏమీ కలిసిరాదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్షన్ బండి పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజన్ ఐడిల్‌కి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. ఇక ఇంజనే ఆపేసి దించే మహానుభావులు ఉన్నారు: బూస్టర్‌లో (కాలి బలాన్ని పెంచేది) మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే వస్తుంది, ఆ తర్వాత పెడల్ బండరాయి. స్టీరింగ్ కూడా బిగుసుకుంటుంది.

రాయగడ_రెంచి
దిగే పద్ధతి: వాలు మొదలవక ముందే రెండో గేరు, కొంచెం చదునుగా ఉన్న చోట మూడు. ఆర్పీఎమ్ 3000 దాటితే భయపడకండి, ఇంజన్‌కి ఏమీ కాదు. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. 45కి చేరితే గట్టిగా మూడు నాలుగు సెకన్లు పట్టి 30కి తెచ్చి పూర్తిగా వదిలేయండి, మళ్ళీ 45 అయ్యాక పట్టండి. వదిలిన సేపట్లో డిస్కు మధ్య రెక్కల గుండా గాలి ఆడుతుంది. ఆటోమేటిక్ అయితే ఎల్, ఎస్ లేదా మాన్యువల్ మోడ్. డీ లోనే పెట్టి దిగకండి.

నాలుగు_డిస్కులు
వెంటిలేటెడ్ డిస్కు అని ప్రతి బ్రోచరులో ఉంటుంది కాబట్టి ఒక ముక్క. రెండు పలకల మధ్య రెక్కలుంటే వెంటిలేటెడ్, ఒకటే పలక అయితే సాలిడ్. ముందు వెంటిలేటెడ్, వెనుక సాలిడ్ డిస్కు పెట్టడం మామూలు. పైన కన్నాలుంటే అది డ్రిల్డ్, ఫ్యామిలీ సెడాన్‌కి అక్కర్లేదు. కన్నాల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి.

డ్రమ్ముల_దొర
ఇప్పుడు వెనక షూ సంగతి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: హ్యాండ్‌బ్రేక్ పైకొచ్చిందని లోపల కేబుల్ నట్టు బిగించీస్తారు. క్లిక్కులు తగ్గిపోతాయి, జనం సంతోషం. కానీ కేబుల్ లాగి ఉంటే షూ లివరు పూర్తిగా వెనక్కి రాదు, ఆటో అడ్జస్టర్ (షూ సందుని తనే తగ్గించే చక్రం) పనిచెయ్యదు, కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికి. ముందు షూ, తర్వాతే కేబుల్. వరస ఇది:

చదును నేల, ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు, మొదటి గేరు. వీల్ నట్లు నేల మీదే కొద్దిగా వదులు చేసి అప్పుడు జాకీ, స్టాండు. ఒట్టి జాకీ మీద పని చెయ్యకండి. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి, కేబుల్ నట్టు వదులు చెయ్యండి.
డ్రమ్ము రాకపోతే సుత్తితో అంచు మీద బాదకండి. డ్రమ్ము ముఖం మీద రెండు మరలున్న కన్నాలుంటాయి, చాలా బండ్లకి 8 మి.మీ. బోల్టులు పడతాయి. రెండూ సమానంగా బిగిస్తే డ్రమ్ము తనంతట తనే బయటికి వస్తాది. కొన్ని బండ్లకి డ్రమ్ములోనే బేరింగ్ ఉంటాది, మధ్య మూత తీసి పెద్ద నట్టు విప్పాలి. ఆ నట్టు కొత్తది వేసి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించాలి.
లోపలి దుమ్ము నోటితో ఊదకండి, గాలి గొట్టంతో కొట్టకండి. బ్రేక్ క్లీనరుతో తడిపి తుడవండి. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే సిలిండర్ మార్చాలి, షూ మీద ఆయిల్ పడితే ఆ షూలూ మార్చాలి. షూ మీద అరిగే పొర, అదే లైనరు, 1 మి.మీ.కి వచ్చిందంటే పని అయిపోయినట్టే. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చుపోసి ఉంటాది, అది దాటితే లేత్ మీద పెట్టించినా దండగ.

ఆఖరిది అడ్జస్టర్ చక్రం. మర తుప్పు లేకుండా వేళ్ళతో తిరగాలి. ఎడమ చక్రానిదీ కుడి చక్రానిదీ మర దిశ వేరు. తారుమారు చేస్తే ఆటో అడ్జస్టర్ సందు తగ్గించడానికి బదులు పెంచుతాది! చూడ్డానికి అచ్చం ఒకలాగే ఉంటాయి. అందుకే ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపు విప్పండి. డ్రమ్ము తొడిగి తిప్పితే చిన్నగా గీరిన చప్పుడు రావాలి, బిగపట్టకూడదు. తర్వాత పెడల్ పదిసార్లు తొక్కి, అప్పుడు కేబుల్. మాన్యువల్ చెప్పిన క్లిక్కులు, మామూలుగా 5 నుంచి 9.

వంశధార_గట్టు
ఇది చదివాక మా వీధి మిస్త్రీ సుత్తిని దాచేయాలనిపిస్తోంది.

బరంపురం_బోల్టు
బ్రేక్ ఆయిల్ నా వంతు. మూత మీద డాట్ 3 అని ఉందా, డాట్ 4 అని ఉందా చూడండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు పీల్చాక ఆ హద్దు 140. డాట్ 4కి 230, 155. ఈ "తడి" అంకె సుమారు 3.7 శాతం నీరు చేరినప్పటిది. ఇది గాలిలోంచి తేమ పీల్చే ద్రవం, రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ చొరబడుతుంది. గోపాలపురం ఉప్పు గాలైనా, కొరాపుట్ వానలైనా రెండేళ్ళకోసారి మార్చాల్సిందే, కిలోమీటర్లతో పని లేదు. డాట్ 3 చోట డాట్ 4 పోయొచ్చు. డాట్ 5.1 కూడా ఆ జాతే. ఒట్టి డాట్ 5 మాత్రం సిలికాన్, దాన్ని వీటితో కలపకూడదు.

లీటరు సీలు డబ్బా ఒకటి కొంటే మొత్తం మార్చడానికి సరిపోతుంది. మిగిలింది దాచుకోవద్దు, తెరిచిన డబ్బా తేమ తాగుతూ కూర్చుంటుంది.

జయపురం_జాకీ
మార్చేటప్పుడు చేసే పొరపాట్లు: పాత బండి పెడల్ నేలకి ఆనేదాకా తొక్కడం. రోజూ వెళ్ళని చోట సిలిండర్ లోపల తుప్పు ఉంటుంది, సీల్ అక్కడికెళ్ళి చిరుగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. రెండోది, పైన డబ్బా ఖాళీ కానివ్వడం. గాలి ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసేది) యూనిట్‌లోకి పోతే కొన్ని బండ్లకి స్కానర్ పెట్టి పంపు ఆడిస్తే తప్ప రాదు. బ్లీడింగ్ నిపుల్ (పాత ఆయిల్, గాలి బయటికి వదిలే మర) చిన్నది, రింగు స్పానరే వాడాలి, ఊపిరి బిగపట్టి బిగిస్తే విరుగుతుంది. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళు.

వంశధార_గట్టు
ఏ చక్రం ముందు? దూరంగా ఉన్న ఎడమ వెనుకది అని విన్నాను.

జయపురం_జాకీ
అది పాత అలవాటు, చాలా బండ్లకి నడుస్తుంది. హోండా మాన్యువల్స్‌లో వరస ముందు చక్రాలతో మొదలవుతుంది. మీ బండి మాన్యువల్ ఏది చెప్తే అదే.

సాలూరు_రోడ్డు
డిస్కు సెట్టు ఎందుకు వద్దో ఒక్కరు వివరంగా చెప్పండి, మిస్త్రీకి చూపించాలి.

రాయగడ_రెంచి
చూపించండి. డ్రమ్ములో ముందు షూ, తిరిగే డ్రమ్ముతో పాటు తనే లోపలికి గుచ్చుకుంటుంది, అందుకని తక్కువ ఒత్తిడికే పడుతుంది. డిస్కుకి ఆ సాయం లేదు, ఒత్తిడి ఎక్కువ కావాలి, పిస్టన్ పెద్దది కాబట్టి ఆయిల్ కూడా ఎక్కువ కావాలి. మీ మాస్టర్ సిలిండర్, ఈబీడీ లెక్క రెండూ డ్రమ్ముకి కట్టినవి. డిస్కు తగిలిస్తే పెడల్ ఇంకా లోతుకి పోవచ్చు, వెనుక బ్రేకు అసలు పట్టకపోవచ్చు, లేదా తడి రోడ్డు మీద ముందే లాక్ కావచ్చు. పై మోడల్‌ది అయితే స్టబ్ యాక్సిల్ (చక్రం తిరిగే ఇరుసు), ఏబీఎస్ సెన్సార్, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్ళు కూడా దానివే కావాలి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకి హద్దు పెట్టింది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు సర్వేయరు చూసేది ఇదే.

నాలుగు_డిస్కులు
మార్పిడి వద్దన్నది నేనూ ఒప్పుకున్నదే. కానీ కొత్త బండి కొనేవాళ్ళు ఈ చర్చ చదివి డ్రమ్మే గొప్పదనుకోకూడదు. వెనుక డిస్కు ప్యాడ్ ఎంత మిగిలిందో చక్రం సందులోంచి టార్చి వేసి చూడొచ్చు. దామన్‌జోడి వైపు ఎర్ర దుమ్ము డ్రమ్ములోకి చేరితే బయటికి పోదు, షూనీ డ్రమ్మునీ గీకుతూనే ఉంటుంది. వానల్లో కాజ్‌వే దాటితే డిస్కు రెండు మూడు తిప్పుల్లో ఆరిపోతుంది, డ్రమ్ము ఆరదు. నీళ్ళు దాటాక ఎడమ కాలితో మెల్లగా బ్రేక్ ఆనించి వంద మీటర్లు నడపాల్సి వచ్చేది డ్రమ్ము బండ్లకే.

డ్రమ్ముల_దొర
నీళ్ళ సంగతి ఒప్పుకుంటాను. దుమ్ము సంగతి సగమే. వెనక డిస్కుకి పని తక్కువ, అందుకే వాడక తుప్పు పడతాది, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.4 లాంటి ఎలక్ట్రిక్ బండికి వెనక డ్రమ్మే పెట్టారు కదా, ఖర్చు మిగల్చడానికేటి? మోటారే సగం ఆపేస్తాది, వాడని డిస్కు తుప్పు పడతాది, మూసిన డ్రమ్ము పట్టదు.
పెద్ద తేడా హ్యాండ్‌బ్రేక్. డ్రమ్ములో షూలే పార్కింగ్ పని చేస్తాయి, సాదా సీదా. వెనక డిస్కులో క్యాలిపర్‌లోనే స్క్రూ ఉంటే ప్యాడ్ మార్చేటప్పుడు పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి, సీ-క్లాంపు పెట్టి నొక్కితే లోపల స్క్రూ పోతాది. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాకే ముట్టుకోవాలి.

బరంపురం_బోల్టు
దానికి తోడు: ఘాటీ దిగిన వెంటనే, అంతా సలసల కాగుతున్నప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగకండి. డ్రమ్ము చల్లారి కుంచించుకుపోతే షూలు పట్టేసి పొద్దున్న బండి కదలదు. వెనుక డిస్కులో దీనికి సరిగ్గా తిరగబడుతుంది: చల్లారితే ప్యాడూ డిస్కూ సన్నబడి పట్టు వదులవుతుంది, వాలులో బండి జారొచ్చు. రెండింటికీ మందు ఒకటే. గేరులో వేసి చక్రం కింద రాయి.

మజ్జిగౌరమ్మ_మలుపు
కొత్త బండి పూజకి రాయగడలో మన మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బారులు తీరుతారు. నిమ్మకాయలు నాలుగు చక్రాల కింద సమానంగా పెడతారు. బ్రేకులు మాత్రం ముందు 70, వెనుక 30.

జయపురం_జాకీ
పైన హాస్యం బాగుంది కానీ ముందు చక్రాలు మర్చిపోయాం. సాలూరు గారూ, ప్యాడ్లు మార్చినప్పుడు క్యాలిపర్ పిన్నులు తీసి గ్రీజు పెట్టారా? లోపలి ప్యాడు, బయటి ప్యాడు కొలిచి చూడండి. రెండు మి.మీ. తేడా ఉంటే పిన్ను బిగుసుకుంది, ఆ ప్యాడు ఘాటీ పొడుగునా రాసుకుంటూ వస్తుంది, కాలిన వాసనకి అదీ కారణమే. సిలికాన్ బ్రేక్ గ్రీజే పెట్టాలి. మామూలు బేరింగ్ గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను ఇంకా బిగుసుకుంటుంది. రెండు పిన్నుల్లో ఒకదానికి రబ్బరు తొడుగు ఉంటే వాటిని తారుమారు చేయకండి.

సాలూరు_రోడ్డు
మీరు చెప్పిన వరసలోనే వేరే మిస్త్రీ దగ్గర విప్పించాను. కొలతలు:
వెనుక లైనర్లు 3 మి.మీ. పైనే, సిలిండర్లు పొడి. ఎడమ, కుడి అడ్జస్టర్లు తారుమారుగా ఉన్నాయి. దొరగారు చెప్పినట్టే.
ముందు ఎడమ: బయటి ప్యాడు 8, లోపలిది 4.5. కింద పిన్ను సుత్తితో కొడితే తప్ప రాలేదు.
ఆయిల్ నిజంగానే డికాక్షన్. డాట్ 4 పోయించాను, బాటిల్లో రెండు వేళ్ళే మిగిలింది.
ఇప్పుడు మొదటి తొక్కుకే పెడల్ పైన దొరుకుతోంది. హ్యాండ్‌బ్రేక్ 6 క్లిక్కులు. ముందు డిస్కులు మాత్రం అడగాలి: మీద కనిష్ఠం 20 అని చెక్కి ఉంది, కొలిస్తే 20.2. లేత్ మీద సాపు చేయిస్తే చాలంటున్నాడు.

డ్రమ్ముల_దొర
అడ్జస్టర్లు తారుమారా! పాత మిస్త్రీ రెండు వైపులా ఒకేసారి విప్పీసుంటాడు.

రాయగడ_రెంచి
20.2 ని లేత్ మీద పెడితే 20 కిందకి పోతుంది. సాపు చేయించకండి, జతగా మార్చండి. పల్చటి డిస్కు వేడి దాచుకోలేదు, మీ ఘాటీకి అసలు పనికిరాదు. ఎడమ ప్యాడు అలా అరిగింది కాబట్టి ప్యాడ్లు కూడా రెండు వైపులా కొత్తవి. హబ్ ముఖం మీద తుప్పు వైరు బ్రష్‌తో గీకాకే డిస్కు పెట్టాలి, లేకపోతే కొత్త డిస్కే ఊగుతుంది. వీల్ నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో. కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవడానికి వేగం 60 నుంచి 10కి ఎనిమిది పదిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో అర కిలోమీటరు చల్లారనిస్తూ. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి నిలబడితే అక్కడే మచ్చ పడి స్టీరింగ్ వణుకుతుంది.

వంశధార_గట్టు
స్టీరింగ్ కాక సీటు, పెడల్ వణికితే?

రాయగడ_రెంచి
వెనుకవి చూడండి. ఖాళీ రోడ్డు మీద 40లో బటన్ నొక్కి పట్టుకుని హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగి అదే వణుకు వస్తుందేమో చూడండి. వస్తే డ్రమ్ము గుండ్రం తప్పింది.

సాలూరు_రోడ్డు
డిస్కులు, ప్యాడ్లు విశాఖలో ఆర్డర్ పెట్టాను, బస్సులో వస్తాయి. పాత మిస్త్రీ డిస్కు సెట్టుకి ఇచ్చిన అడ్వాన్సు తిరిగి అడగాలి.

జయపురం_జాకీ
దానికి ఏ గేరులో వెళ్ళాలో మాన్యువల్‌లో ఉండదు.